తక్కువ ఖర్చుతో పెరట్లో కోయి కొలను: తవ్వకం నుంచి మొదటి ఎండాకాలం దాకా

కోయి అంటే పెరటి కొలనుల్లో పెంచే రంగురంగుల అలంకార చేప. కోయి కొలను ఖర్చులో చాలామంది లెక్క తప్పేది ఒకచోటే. బండలకు, జలపాతానికి, రంగు లైట్లకు డబ్బంతా పోసేసి, ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. చేప బతికేది లోతు మీద, లైనర్ (నీళ్లు ఇంకకుండా గుంతలో పరిచే షీటు) మీద, ఫిల్టర్ మీద. ఈ మూడింట్లో కక్కుర్తి పడకుండా మిగతావన్నీ కుదించుకుంటే 35 వేల రూపాయల చుట్టూ 6,000 లీటర్ల కొలను తయారవుతుంది. ఊరిని బట్టి, కూలి రేట్లను బట్టి ఐదారు వేలు అటూ ఇటూ అవుతుంది.

కోయి గోల్డ్‌ఫిష్ కాదు. షాపులో నాలుగు అంగుళాలుండే పిల్ల, సరైన నీళ్లు దొరికితే రెండు అడుగుల దాకా పెరుగుతుంది. ఒక్కో చేపకు 1,000 లీటర్లు అనుకుని లెక్కేసుకోండి. అంటే 6,000 లీటర్లలో ఆరు చేపలు, అంతే. పది వేస్తే ఏమవుతుందని అడుగుతుంటారు. మొదటి ఏడాది ఏమీ కాదు, రెండో ఏడాది ఒక్కొక్కటే పోతుంటాయి. కోయి పుట్టిల్లు జపాన్‌లో మంచు బాగా పడే నీగాటా కొండలు. చలిని అది తట్టుకుంటుంది, మన ఏప్రిల్, మే నెలల ఎండే దానికి అసలు పరీక్ష. అందుకే లోతు మూడున్నర అడుగులకు తగ్గకూడదు. అడుగున్నర లోతు తొట్టెలో నీళ్లు మధ్యాహ్నానికి గోరువెచ్చగా అయిపోతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు కావాల్సిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది.

స్థలం

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం రెండు తర్వాత ఇంటి నీడ పడే చోటు దొరికితే అదృష్టమే. దొరక్కపోతే పడమటి వైపు 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టాలి. నీడ వస్తుంది కదా అని చెట్టు కిందికి పోవద్దు. చింత, వేప, మునగ ఆకులు ఫిల్టర్‌ను పూడ్చేస్తాయి, వెదురు వేళ్లు లైనర్‌లోకి దూసుకొస్తాయి.

తవ్వే ముందు మట్టి చూసుకోండి. ఎర్రమట్టి, మొరం అయితే మూడు అడుగులు దాదాపు నిలువుగా తవ్వినా నిలుస్తుంది. నల్లరేగడి నిలవదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి గోడ జారుతుంది. అక్కడ అడుగు లోతుకు అరడుగు చొప్పున వాలు పెట్టాలి. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో ఇంకో చిక్కుంది. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చేస్తుంది. శుభ్రం చేద్దామని కొలను ఖాళీ చేశారంటే కింది నీళ్లు లైనర్‌ను బుడగలా పైకి లేపేస్తాయి. అలాంటి చోట అడుగు మాత్రమే తవ్వి, మిగతాది నేల పైన కట్టుకోవడం మంచిది. హైదరాబాద్‌లో రెండు అడుగులకే రాయి తగిలినవాళ్లకూ ఇదే దారి. అయితే నేల పైన గోడ రెండు అడుగులు దాటిందంటే 6 అంగుళాల ఇటుక చాలదు. 9 అంగుళాల కట్టుబడి, పైన ఇనుముతో బెల్టు వేయాల్సిందే.

ఇక్కడ చెబుతున్నది గట్టి మొరం నేలలో 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు కొలను గురించి. నేలలో 3 అడుగులు తవ్వకం, నేల పైన 16 అంగుళాల గోడ, నీళ్లు గోడ పై అంచుకు 6 అంగుళాలు తక్కువగా. మొత్తం నీటి లోతు 3 అడుగుల 10 అంగుళాలు. పైకి గోడ లేపడం అందం కోసం కాదు. వాన కురిసినప్పుడు పెరటి మురుగు, మొక్కలకు వేసిన ఎరువు, చెద మందు కొట్టుకొచ్చి కొలనులో పడకుండా ఆపేది ఆ గోడే. తవ్వే మట్టి కూడా తగ్గుతుంది. తగ్గినా రెండు ట్రాక్టర్లకు పైనే వస్తుంది, ఎక్కడ పోస్తారో ముందే చూసుకోండి.

కావాల్సినవి

- 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) లైనర్, 21 × 17 అడుగులు, ఒకే ముక్క
- 16 × 8 × 6 అంగుళాల సాలిడ్ సిమెంటు ఇటుకలు 55
- సిమెంటు 4 బస్తాలు, ఇసుక 25 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 12 ఘనపుటడుగులు, 8 ఎంఎం ఇనుము 9 కిలోలు
- గోడ మీదికి 10 అంగుళాల వెడల్పు తాండూరు లేదా కడప బండ, 35 అడుగుల పొడవుకు సరిపడా
- 200 లీటర్ల నీలం డ్రమ్ములు 2
- సబ్‌మర్సిబుల్ పంపు, నిమిషానికి 40 లీటర్ల గాలినిచ్చే ఎయిర్ పంపు
- ఒకటింపావు అంగుళం గొట్టం, 3 అంగుళాల పీవీసీ పైపు, ట్యాంకు నిపుల్స్, ఒకటిన్నర అంగుళాల బాల్ వాల్వులు 2
- 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్), నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూసే టెస్ట్ కిట్, పైన కప్పే వల

ముందు కాలర్, తర్వాత గుంత

మేస్త్రీకి వదిలేస్తే గుంత తవ్వేసి, దాని అంచున గోడ మొదలుపెడతాడు. బరువుకు అంచు విరిగి మట్టి జారుతుంది. వరస మార్చండి. ముగ్గుతో 10 × 6 గీత గీసి, దాని చుట్టూ బయటివైపు 9 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు కాలువ తీయించండి. అందులో రెండు వరసలు 8 ఎంఎం ఇనుము పెట్టి, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు పోయాలి. ఈ కాంక్రీటు పట్టీనే కాలర్. పై మట్టం నాలుగు మూలలా ఒకటే ఉండాలి. బద్ద పెట్టి కంటితో చూస్తే చాలదు, నీళ్లు నింపిన లెవల్ పైపుతో చూడాలి. అంగుళం తేడా ఉన్నా నిండిన కొలను ఆ తప్పును రోజూ చూపిస్తుంది, ఒకవైపు లైనర్ నల్లగా బయటపడి ఉంటుంది. ఏడు రోజులు తడిపి, ఆ తర్వాతే లోపల తవ్వకం మొదలుపెట్టాలి.

గోడలకు కింది నుంచి పైకి 3 అంగుళాల వాలు చాలు. అరుగులు, మెట్లు వద్దు. మొక్కల కుండీలు పెట్టుకోవచ్చని గట్టు తీస్తే అక్కడ ముందుగా నిలబడేది గుడ్డికొంగ. అడుగుభాగం ఒక మూలకు 3 అంగుళాలు వాలి ఉండాలి, మురికి అక్కడికి చేరుతుంది, పంపు కూర్చునేదీ అక్కడే. అడుగున లైనర్‌కు కన్నం పెట్టి బాటమ్ డ్రెయిన్ వేసే పద్ధతి మంచిదే. కానీ ఆ అతుకు కారిందంటే కొలనంతా ఊడదీయాలి, బడ్జెట్ పనిలో దాని జోలికి పోకపోవడమే నయం.

తవ్వకం అయ్యాక కాలర్ మీద రెండు వరసల ఇటుక కట్టండి. కాలర్ బయటి అంచున అడుగున్నర లోతు దాకా కోళ్ల జాలీ నిలువుగా పాతండి. పందికొక్కు బొరియ తవ్వుకుంటూ వచ్చి లైనర్ కొరికేస్తుంది, అప్పుడు కారే చోటు వెతకడం నరకం.

లైనర్

ఫారం పాండ్లకు పరిచే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ షీటు ఈ పనికి సరిపోతుంది. లాభసాటిది కూడా. ఈపీడీఎం రబ్బరు ఇంకా మెత్తగా కూర్చుంటుంది కానీ ధర మన లెక్కలోకి రాదు. నీలం టార్పాలిన్ ఎండకు చిట్లిపోతుంది. పాత ఫ్లెక్సీ బ్యానర్లతో కొలను కట్టే తెలివి కూడా వద్దు. అవి నీళ్లు ఆపడానికి చేసినవి కావు.

ఫ్లెక్సీలు పనికొచ్చేది లైనర్ కింద. ఎన్నికలు అయిపోయాక ఊరికే దొరుకుతాయి, మూడు నాలుగు పొరలు వేస్తే రాళ్ల నుంచి కాపాడతాయి. పాత దుప్పట్లు, గోనెసంచులు వేస్తే చెద పట్టి తినేస్తుంది, కింద గుల్లవుతుంది. ముందు గోడల్లో పొడుచుకొచ్చిన రాళ్లు, వేళ్లు చేత్తో తడిమి తీసేయండి. అడుగున 2 అంగుళాల ఇసుక పోసి, దానిపైన ఫ్లెక్సీలు, ఆపైన లైనర్.

కొలతకు లెక్క ఇది: పొడవుకు రెండింతల లోతు కలిపి, రెండు అంచులకూ ఒక్కో అడుగు కలపాలి. మొత్తం లోతు 4 అడుగుల 4 అంగుళాలు కాబట్టి పొడవు 21, వెడల్పు 17 అడుగులకు వస్తుంది. షీటును గంటసేపు ఎండలో పరిస్తే మెత్తబడి మాట వింటుంది. మూలల్లో చిన్న చిన్న ముడతలు పది పడేకంటే ఒకే పెద్ద మడత పెట్టండి. అంచులు ఇప్పుడే కోయకండి. నీళ్లు నిండేకొద్దీ లైనర్ కిందికి లాగుతుంది, నిండాకే కోత. గోడ 6 అంగుళాల్లో లోపలి 4 అంగుళాల మీదికే లైనర్ వచ్చేలా కోసి, బయటి 2 అంగుళాల ఇటుకను వదిలేయండి. బండ కింద వేసే మాలు ప్లాస్టిక్‌కు పట్టదు, ఆ రెండు అంగుళాలే బండను పట్టుకుంటాయి. బండ లోపలికి 2 అంగుళాలు పొడుచుకొచ్చి ఉంటే లైనర్ అంచుకు ఎండ తగలదు. గోడకు నీటి మట్టం దగ్గర 2 అంగుళాల ఓవర్‌ఫ్లో పైపు, దానికి జాలీ మరచిపోవద్దు. తుపాను వానకు కొలను పొంగితే చేపలు పెరట్లో దొరుకుతాయి.

రెండు డ్రమ్ముల ఫిల్టర్

డ్రమ్ములు కొనేటప్పుడు ముందు లోపల ఏముండేదో అడగండి, మూత తీసి వాసన చూడండి. నూనెదో, గ్లూకోజ్ పాకానిదో అయితే సర్ఫ్, వేడినీళ్లతో కడిగితే సరి. రసాయనం, పురుగుమందు, గమ్ము డ్రమ్ములు ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు.

మొదటి డ్రమ్ము మురికిని దింపడానికి. దీన్ని ఒక ఇటుక ఎత్తులో పెట్టండి. పంపు గొట్టం డ్రమ్ము సగం ఎత్తున, గోడ వెంబడి పక్కకు తిరిగేలా లోపలికి రావాలి. నీళ్లు సుడి తిరుగుతాయి, బరువైన మురికి అడుగున చేరుతుంది. పై భాగంలో పాత చేపల వల ముక్కలు వేలాడదీస్తే తేలికపాటి చెత్త వాటికి పట్టుకుంటుంది. అడుగున ఒకటిన్నర అంగుళాల వాల్వు. రెండో డ్రమ్ములోకి నీళ్లు అడుగు నుంచి వచ్చి పైకి ఎక్కాలి. అడుగున పాత ప్లాస్టిక్ పళ్ల ట్రే తిరగేసి, దానిపైన ఉల్లిపాయల వల సంచుల్లో నింపిన ప్లాస్టిక్ గిన్నెపీచులు, ఒక 200. స్టీలు పీచు కాదు. బాక్టీరియా కాపురం ఉండేది ఈ పీచు మీదే. కంకర కూడా పనిచేస్తుంది కానీ త్వరగా పూడుతుంది, కడగాలంటే నడుం విరుగుతుంది.

పైపు అతుకులన్నీ రబ్బరు వాషర్లున్న ట్యాంకు నిపుల్స్‌తోనే చేయండి. ఎమ్-సీల్, సిలికాన్ డ్రమ్ము ప్లాస్టిక్‌కు పట్టవు. నాలుగు రోజులు ఆగి కారడం మొదలవుతుంది.

డ్రమ్ము నుంచి డ్రమ్ముకు, అక్కడి నుంచి కొలనుకు వచ్చే పైపు 3 అంగుళాలు ఉండాలి. లోపలికి పంపు తోస్తుంది, బయటికి నీళ్లు తమ బరువుతోనే పోవాలి, అందుకే ఆ తేడా. ఇక్కడ రెండు అంగుళాల సగం ధర పైపు వేసి, దానికి ఒక ఆకు అడ్డం పడితే డ్రమ్ము పొంగుతుంది, పంపు తెల్లారేసరికి కొలనును పెరట్లోకి తోడేస్తుంది. డ్రమ్ములను గోడకు ఆనించి, పొంగినా నీళ్లు కొలనులోకే పడేలా కొంచెం ఒరిగించి పెట్టండి. ఇంకొకటి: గొట్టం చివర డ్రమ్ము నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి కరెంటు పోగానే అదే గొట్టం డ్రమ్ములోని నీళ్లను వెనక్కి లాగేస్తుంది. డ్రమ్ము నీటి మట్టానికి కొంచెం పైన గొట్టానికి 5 ఎంఎం కన్నం పెడితే గాలి దూరి ఆగిపోతుంది. వాల్వులు రెండు రోజులకోసారి ఒక నిమిషం తెరవాలి, ఆ నీళ్లు అరటికి, కరివేపాకుకు పోయండి. డ్రమ్ములకు మూతలు కచ్చితంగా ఉండాలి. కొలనులో దోమ పిల్లలను కోయి తినేస్తుంది, డ్రమ్ములో తినేవాళ్లుండరు.

పంపు, కరెంటు బిల్లు

ఇంట్లో పడున్న అర హెచ్‌పీ మోటారు వాడేద్దామనిపిస్తుంది. ఈ పంపు రాత్రీపగలూ తిరగాలి. అర హెచ్‌పీ మోటారు దాదాపు 450 వాట్లు లాగుతుంది, నెలకు 320 యూనిట్ల పైమాట. 50 వాట్ల కొలను పంపు అయితే 36 యూనిట్లు. ఎయిర్ పంపు 35 వాట్లు కలిపినా నెలకు 60 చుట్టూ ఉంటుంది. కొత్త పంపు డబ్బు రెండు మూడు బిల్లుల్లో తిరిగి వచ్చేస్తుంది. కూలర్ పంపు చవకే కానీ నెలల తరబడి ఆగకుండా తిరగడానికి చేసింది కాదు.

కొలను నీళ్లన్నీ రెండు గంటలకోసారైనా ఫిల్టర్‌లోంచి పోవాలి. అంటే గంటకు 3,000 నుంచి 4,000 లీటర్లు. పెట్టె మీద 3,500 అని రాసి ఉన్నది కొంటే చాలదు, ఆ అంకె నీళ్లను అసలు పైకి ఎత్తనప్పటిది. 5 అడుగుల ఎత్తుకు ఎంత ఇస్తుందో పట్టికలో చూడండి. ఎత్తు లెక్కించేది కూడా పంపు కూర్చున్న చోటు నుంచి కాదు, నీటి మట్టం నుంచి. బిగించాక 20 లీటర్ల బకెట్ పట్టి చూడండి. 20 సెకన్లలో నిండితే గంటకు 3,600 లీటర్లు, బాగున్నట్టే. 40 సెకన్లు పడితే పంపు చిన్నదైంది, లేదా గొట్టం సన్నదైంది.

నీళ్లలో కరెంటు. ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా పంపు ఆన్ చేయొద్దు, నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్ పీకేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వల చాలదు, గట్టి ఇనుప గ్రిల్ వేయించాలి. నాలుగు అడుగుల నీళ్లు అవి.

ఎయిర్ పంపు విలాసం అనుకోవద్దు. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ అడుగంటిందని అర్థం. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది, తెల్లారే వేళకు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. పంపులు రెండిట్లో ఇన్వర్టర్‌కు ఒకటే కలపగలిగితే ఎయిర్ పంపునే కలపండి. 35 వాట్లే కాబట్టి రాత్రంతా లాగుతుంది. దాన్ని నీటి మట్టానికి పైన పెట్టాలి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు మోటారులోకి వచ్చేస్తాయి. అక్వేరియం పంపులు చాలావరకు నాలుగు అడుగుల లోతుకు గాలిని తోయలేవు, కొనేటప్పుడే అడగండి. ఫిల్టర్ నాలుగైదు గంటలకు మించి ఆగిందంటే, మళ్లీ ఆన్ చేసే ముందు డ్రమ్ముల్లోని కంపు నీళ్లు వాల్వుల ద్వారా వదిలేయాలి.

నీళ్లు, మొదటి నెల

బోరు నీళ్లు ఉప్పగా లేకపోతే కోయికి మంచివే, గట్టిదనం ఉంటేనే పీహెచ్ నిలకడగా ఉంటుంది. ఆర్ఓ నీళ్లతో నింపడం డబ్బు దండగ, పైగా పీహెచ్ పడిపోతుంది. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, ఎత్తు నుంచి జల్లులా పడేలా పట్టండి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోవాలి: ఎయిర్ పంపు వేసి రెండు రోజులు ఆగడం, లేదా 1,000 లీటర్లకు 10 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ కలపడం.

నిండగానే ఒకరోజు పంపు ఆపి ఉంచి మట్టానికి గీత పెట్టండి. మట్టం తగ్గగానే కారుతోందని కంగారు వద్దు, ఎండాకాలంలో ఆవిరే బాగా పోతుంది. పక్కనే ఒక నిండు బకెట్ పెట్టండి. రెండిట్లోనూ ఒకేలా తగ్గితే ఆవిరి, కొలనులో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టు. పంపు ఆన్ చేసినప్పుడే తగ్గుతుంటే తప్పు లైనర్‌ది కాదు, డ్రమ్ముల దగ్గర వెతకండి.

ఇక ఎక్కువ చేపలు చచ్చేది ఈ దశలోనే. నీళ్లు అద్దంలా ఉంటాయి, ఆరు చేపలూ ఒకేసారి వదులుతారు. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా పీచు మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు చిన్న చేపలు చాలు, వాటికీ రోజుకు ఒక్క పూట చిటికెడు మేత. రోజు విడిచి రోజు పరీక్ష. అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటితే పావు వంతు నీళ్లు మార్చాలి, మేత ఆపాలి. పీహెచ్, వేడి ఎక్కువైతే అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే అందులో విషరూపం ఒక శాతం లోపే, 8.5 ఉంటే 20 శాతం. మూడో వారంలో నైట్రైట్ పెరిగితే 1,000 లీటర్లకు కిలో చొప్పున అయోడిన్ లేని రాళ్ల ఉప్పు కరిగించి పోయండి, చేపకు ఊపిరి దక్కుతుంది. ఉప్పు ఆవిరి కాదు, నీళ్లు మారిస్తేనే పోతుంది, ఆ నీళ్లు మొక్కలకు పోయకండి. ఎవరిదైనా బాగా నడుస్తున్న ఫిల్టర్ నుంచి ఒక సంచి పీచు దొరికితే ఈ నెల సగానికి తగ్గుతుంది, వాళ్ల చేపలకు జబ్బు లేదని తేల్చుకున్నాకే తెచ్చుకోండి.

ఈలోపు నీళ్లు పచ్చగా మారతాయి. మారనివ్వండి. చేపకు దానివల్ల కష్టం లేదు, చూడటానికి మీకే బాగుండదు. నీడ, ఫిల్టర్ కుదిరాక చాలావరకు తగ్గుతుంది, అప్పటికీ తగ్గకపోతే యూవీ లైట్ గురించి ఆలోచించవచ్చు. మైలుతుత్తం వేస్తే నాచుతోపాటు చేపలూ పోతాయి.

చేపలు

జపాన్ దిగుమతి చేప మొదటి ఏడాది వద్దే వద్దు. ఇక్కడ పెంచిన నాలుగైదు అంగుళాల పిల్లలు తీసుకోండి. రెక్కలు ముడుచుకున్నవి, ఒంటిని గోడకు రాసుకునేవి ఎంత అందంగా ఉన్నా వద్దు. ఆక్వా రైతులు పేను అనే ఆర్గులస్, పొలుసుల మధ్య దారపు ముక్కలా వేలాడే యాంకర్ వార్మ్ షాపు నుంచే వస్తాయి. అందుకే కొత్త చేపను 500 లీటర్ల సింటెక్స్ తొట్టెలో, గాలి పెట్టి, మూడు వారాలు విడిగా ఉంచాకే కొలనులో కలపాలి. వదిలేటప్పుడు సంచిని అరగంట తేలనిచ్చి, కొలను నీళ్లు కొంచెం కొంచెం కలిపి, చేపను మాత్రమే తీసి వేయండి. సంచి నీళ్లు పారబోయండి. మొదటి వారం కోయి ఎగిరి దూకుతుంది, వల బిగుతుగా ఉండాలి. వల కన్ను మరీ చిన్నదైతే నీరుకట్టె పాములు చిక్కుకుంటాయి, రెండు అంగుళాలు సరిపోతుంది.

కోయికి కడుపు సంచి ఉండదు, ఒక్కసారిగా ఎక్కువ వేస్తే అరగదు. ఫిల్టర్ కుదిరాక రోజుకు రెండుసార్లు, ఐదు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. కోనేటి చేపలకు వేసినట్టు మరమరాలు, బ్రెడ్డు వేయొద్దు. కోయి మేత డబ్బాలు ఖరీదు. భీమవరం, కైకలూరు వైపు ఆక్వా షాపుల్లో దొరికే 28 నుంచి 32 శాతం ప్రోటీన్ తేలే మేత అందులో సగం ధర కూడా ఉండదు. కానీ బస్తా పెద్దది, మన తేమకు రెండు మూడు నెలల్లో నూనె మక్కిపోతుంది. నలుగురు కలిసి పంచుకోండి. మబ్బు పట్టిన రోజు, కరెంటు లేని రోజు మేత మానేయండి.

వారానికి పదో వంతు నీళ్లు మార్చాలి. పీచు సంచులు నెలకోసారి కడిగితే చాలు, అదీ ఈ నెల సగం, వచ్చే నెల సగం, కొలను నీళ్లలోనే. కుళాయి కింద పెట్టి తెల్లగా తోమేస్తే ఆరు వారాలు పెంచిన బాక్టీరియా క్లోరిన్‌కు పోయి, మళ్లీ మొదటి నెల లెక్కే మొదలవుతుంది. చేపలు పెరిగి ఎక్కువయ్యాయని ఊరి చెరువులో వదలకండి. ఇంకో కొలను ఉన్నవాళ్లకు ఇచ్చేయండి, రెండు అడుగుల కోయిని కాదనేవాళ్లుండరు.